కారుకు గళమిచ్చిన పాల్ గాల్విన్

మా అధ్యాపక మిత్రులొకరు ఆమధ్య పాత కారొకటి కొన్నారు. కారుతో వచ్చిన పాటల పెట్టె మూగబోయి ఉండుటచేత కొత్త స్టీరియో ఒకటి బజారునుండి తెచ్చుకొన్నారు. దానిని పని తెలిసిన మిస్త్రీ చేత బిగింపించవలెనా, తామే బిగించుకొనవలెనా అన్న ప్రశ్న మా స్టాఫ్ రూములో రెండు దినములు నలిగినది. భౌతికశాస్త్రం బోధించువారు గనుక ఆయన స్క్రూడ్రైవరు చేతబట్టి తామే పూనుకొన్నారు. ఒక ఆదివారమంతయు డాష్‌బోర్డు క్రింద తల దూర్చి శ్రమించిన పిమ్మట పాట వచ్చినది. పాటతోపాటు ఈల ఒకటి కూడ వచ్చినది. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు సన్నగాను, వేగము హెచ్చినకొలది కీచుగాను ఆ ఈల పాటను మ్రింగివేయుచుండెడిది. చివరకు గ్యారేజీ ఉస్తాద్ వచ్చి, రంగు పూసిన రేకుపై బిగించిన ఎర్త్ వైరును ఊడదీసి, వేరొకచోట ఇనుము తెల్లబడునంతవరకు గరుకు కాగితముతో రుద్ది అక్కడ బిగించగానే ఈల ఆగిపోయినది. పట్టిన కాలము పావుగంట. పుచ్చుకొన్న పైకము ఎంతో మేము చెప్పబోము. చెప్పినచో మా మిత్రులు నొచ్చుకొందురు.

ఆ ఈలకు పూర్వీకులు కలరు. వాటితో పోరాడి, ఇల్లు గుల్ల చేసుకొని, ఓడి, మరల లేచి, తుదకు గెలిచిన ఒక మనిషి చరిత్రను ఈ సంచికలో వ్రాయవలెనని మాకు ఆ దినముననే తోచినది. ఆయన పేరు పాల్ విన్సెంట్ గాల్విన్. పేరు వినని వారుండవచ్చును గాని, ఆయన కల్పించిన మాట వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఆ మాట మోటరోలా. నేడు దానిని చేతి ఫోనుపై చూచుచున్నాము. ఆ మాటలోని మొదటి భాగము మోటారు అనియు, అది మొట్టమొదట కారులో బిగించు రేడియోకు పెట్టిన పేరనియు ఎంతమందికి తెలియును?

గాల్విన్ 1895వ సంవత్సరం జూన్ నెలలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున హార్వర్డ్ అను చిన్న ఊరిలో జన్మించినాడు. విశ్వవిఖ్యాతమైన హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు, ఈ ఊరికి పేరులో తప్ప వేరు సంబంధము లేదు. రైళ్ళు ఆగి సాగిపోవు జంక్షను అది. రైలు ఆగినంతసేపు ప్రయాణికులకు మొక్కజొన్న పేలాలు అమ్మి నాలుగు డబ్బులు సంపాదించుట ఆ పిల్లవాని మొదటి వ్యాపారము. కాజీపేటలోనో విజయవాడలోనో రైలు ఆగీ ఆగకముందే కిటికీల వద్దకు పరుగెత్తు కుర్రవాళ్ళను చూచిన వారికి ఆ దృశ్యమును వర్ణించి చెప్పనక్కరలేదు. ఎంత తక్కువ వ్యవధిలో ఎంతమంది చేతులకు పొట్లము అందించగలము అన్నదే ఆ వ్యాపారములోని విద్య. ఆ విద్య ఆయనకు జీవితాంతము ఉపకరించినది.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో రెండేండ్లు చదివినాడు గాని పట్టము పుచ్చుకొనలేదు. మొదటి ప్రపంచ యుద్ధము రాగా సైన్యములో చేరి, ఫిరంగి దళములో అధికారిగా ఫ్రాన్సులో పనిచేసినాడు. తిరిగివచ్చి షికాగోలో బ్యాటరీలు చేయు ఒక సంస్థలో కుదిరినాడు. 1920లో లిలియన్ అను యువతిని వివాహమాడినాడు. 1921లో ఎడ్వర్డ్ స్టూవర్ట్ అను స్నేహితునితో కలిసి విస్కాన్సిన్ రాష్ట్రములోని మార్ష్‌ఫీల్డ్‌లో సొంతముగా బ్యాటరీల కర్మాగారము పెట్టినాడు. రెండేండ్లు గడవకమునుపే అది మూతబడినది. చెల్లించవలసిన పన్ను చెల్లించలేకపోవుటచే ప్రభుత్వమువారు తాళము వేసినారు. లోపల వ్రేలాడుచున్న కోటు తెచ్చుకొనుటకైనను యజమానులకు వీలు లేకపోయినదని చెప్పుకొందురు. అప్పటికి ఆయన కుమారుడు రాబర్ట్ పసివాడు.

ఓడినవాడు ఉద్యోగము వెదకుకొనవలసివచ్చినది. షికాగోలో మిఠాయిల వ్యాపారి ఎమిల్ బ్రాక్ వద్ద ఆంతరంగిక కార్యదర్శిగా కొంతకాలము పనిచేసినాడు. మనసు మాత్రము బ్యాటరీల వద్దనే ఉన్నది. 1926లో మరల స్టూవర్ట్‌తో కలిసినాడు. ఈసారి బ్యాటరీలతోపాటు ఒక కొత్త వస్తువు చేసినారు. ఆనాటి ఇంటి రేడియోలు బరువైన బ్యాటరీలపై నడుచుచుండెడివి. అవి తరచు అయిపోవుచుండెడివి. ఇంటి గోడలోని విద్యుత్తుతోనే రేడియో నడుచునట్లు చేయు సాధనము ఈ కొత్త వస్తువు. దానిని బ్యాటరీ ఎలిమినేటర్ అన్నారు. వస్తువు మంచిదే గాని సంస్థ నిలువలేదు; 1928లో అదియు దివాలా తీసినది. ఆస్తులు వేలమునకు వచ్చినవి. ఆ వేలములో గాల్విన్ తన తమ్ముడు జోసెఫ్‌తో కూడి ఎలిమినేటర్ల భాగమును 750 డాలర్లకు తిరిగి కొన్నాడు. 1928 సెప్టెంబరు 25వ తేదీన గాల్విన్ మాన్యుఫాక్చరింగ్ కార్పొరేషన్ ఏర్పడినది. చేతిలోని మూలధనము 565 డాలర్లు. పనివారు 5 మంది. మొదటి వారము జీతములన్నియు కలిపి 63 డాలర్లు.

ఇక్కడ మేమొక క్షణము ఆగుచున్నాము. ముప్పదిమూడేండ్ల వయసు, భార్యాబిడ్డలు, రెండుమార్లు దివాలా, చదువు సగములో మానివేసినవాడు. మన ఊళ్ళలో ఇటువంటి వానికి పిల్లనిచ్చినవారు కూడ తలదించుకొని తిరుగుదురు. ఆయన యంత్రశాస్త్రము నేర్చినవాడు కూడ కాడు. టంకము పెట్టుటలో ఆయనకన్న ఆయన పనివారే నేర్పరులు. ఆయన బలమంతయు మరొకచోట ఉన్నది: ఏ పని ఎవరికి వచ్చునో కనిపెట్టుట, వారిని తెచ్చి కూర్చుండబెట్టుట, వారి మాట వినుట.

ఎలిమినేటర్లకు రోజులు చెల్లినవి, ఏలననగా విద్యుత్తుతో నేరుగా నడుచు రేడియోలే బజారులోనికి వచ్చినవి. గాల్విన్ సంస్థ ఇతరుల పేర్లతో అమ్ముకొనుటకు రేడియోలు చేసి ఇయ్యసాగినది. అంతలో 1929 అక్టోబరులో అమెరికా స్టాకు మార్కెట్టు కూలినది. కొనువారు లేరు. గిడ్డంగులలో మిగిలిన రేడియోలను ఎంతకైనను వదిలించుకొనుచున్న రోజులవి. ఇంటి రేడియోలతో బ్రతుకుట కష్టమని గాల్విన్ గ్రహించినాడు. ఆ దినములలోనే న్యూయార్కు ప్రాంతములో కొందరు రేడియో పనివారు ధనికుల కార్లలో ఒక్కొక్కటిగా రేడియోలు అమర్చి, ఒక్కొక్క కారుకు రెండువందల డాలర్లకు పైగా పుచ్చుకొనుచున్నారని ఆయనకు తెలిసినది. అదే పనిని కర్మాగారములో గుత్తముగా చేసి తక్కువ ధరకు ఇయ్యలేమా అన్నది ఆయన ఆలోచన. కారు రేడియోను కనిపెట్టినవాడు గాల్విన్ అని వ్రాయుట పొరపాటు. ఆయనకు ముందే అమ్మినవారున్నారు; సొంతముగా ఇంటి రేడియోనే కారులోనికి ఎక్కించి వాయించుకొన్న ఔత్సాహికులు 1920లలో అనేకులున్నారు. సామాన్యుని కారులో, సామాన్యుని ధరకు, గోల లేకుండ పలుకునట్లు చేయుట మాత్రము అప్పటికింకను ఎవరికిని పూర్తిగా కుదరలేదు.

అది ఎందుకంత కష్టమో విద్యార్థులకు కొంత వివరించవలసియున్నది. పెట్రోలు ఇంజనులో ప్రతి సిలిండరులోను స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. ఆ రవ్వ పెట్రోలును మండించి ఊరకుండదు. రేడియో తరంగములను నలుదిక్కుల వెదజల్లును. మార్కోనీ కాలమున తంతి లేని వార్తలు పంపినది ఇటువంటి రవ్వలతోనే. అనగా ప్రతి కారు ఇంజనును తనకు తెలియకుండగనే ఒక చిన్న ప్రసార కేంద్రము. ఎక్కడో ఏబది మైళ్ళ దూరమునుండి క్షీణించి వచ్చు పాటను పట్టుకొనవలసిన రేడియోకు మూరెడు దూరములోనే ఈ చిటపటలు! వాటికి తోడు డైనమోలోని బ్రష్షుల గరగర. ఇక రేడియోలోని వాల్వులకు నూరు వోల్టులకు మించిన విద్యుత్తు కావలెను. కారు బ్యాటరీ ఇచ్చునది 6 వోల్టులు. అందుచేత కారు నేలచెక్కకు కోత పెట్టి, క్రింద పెట్టె అమర్చి, అందులో వేరే బ్యాటరీలు ఉంచవలసివచ్చెడిది. ఆనాటి కార్ల పైకప్పు నడిమి భాగము గుడ్డతో కప్పినది గనుక, లోపలి అస్తరు విప్పి ఏరియలు తీగను అక్కడ పరచవలసివచ్చెడిది. గతుకుల రోడ్లపై అదురుకు వాల్వులు వదులగును, ఎండకు వేడెక్కును, చలికి బిగుసుకొనును.

ఈ చిక్కులు విప్పుటలో ఇల్లినాయ్‌లోని క్విన్సీ అను ఊరినుండి వచ్చిన ఇద్దరు యువకుల చేయి కలదు. ఒకడు విలియం లియర్, రెండవవాడు ఎల్మర్ వేవరింగ్. లియర్ రేడియో చుట్టలు చేయుచు గాల్విన్ ఉన్న భవనములోనే దుకాణము పెట్టుకొన్నవాడు. వేవరింగ్ కుర్రతనమునుండి రేడియో సామాను అమ్ముచు, బిగించుచు చేయి తిరిగినవాడు. డిగ్రీల మాట ఎట్లున్నను, ఏ తీగ ఎక్కడ తగిలిన ఏ చప్పుడు వచ్చునో చెవితో చెప్పగల పనివారు వీరు. ప్లగ్గుల తీగలకు నిరోధకములు, డైనమోకు కండెన్సరు, రేడియోకు ఇనుప కవచము, ఒక్కొక్కటే చేర్చుచు, ఒక్కొక్క చప్పుడే అణచుచు వచ్చినారు. ఈ పనికి సూత్రము ఒకటే అయినను ప్రతి కారుకును దాని రోగము దానిదే. ఫోర్డులో పనిచేసిన మందు మరొక కారులో పనిచేయదు.

1930 జూనులో అట్లాంటిక్ సిటీలో రేడియో వ్యాపారుల మహాసభ జరుగనున్నది. దానికి అందవలెనని గాల్విన్ బృందము రేయింబవళ్ళు పనిచేసి, ఆయన సొంత స్టూడీబేకర్ కారులోనే నమూనా రేడియోను బిగించినది. షికాగోనుండి అట్లాంటిక్ సిటీ సుమారు 800 మైళ్ళు. కర్మాగారములో బల్లపై పలికిన రేడియో, 800 మైళ్ళ దుమ్ములో, అదురులో పలుకునా పలుకదా? గాల్విన్ తానే నడుపుకొనుచు బయలుదేరినాడు. పలికినది. సభలో అంగడి అద్దెకు తీసుకొను స్తోమతు లేదు. అందుచేత కారును సభాభవనము వెలుపల నిలిపి, రేడియోను గట్టిగా పెట్టి, వచ్చిపోవు వ్యాపారులను పిలిచి వినిపించినాడు. రైలు కిటికీల వద్ద పేలాలు అమ్మిన పిల్లవాడు మరల కనబడుచున్నాడు కదా! కర్మాగారమును నిలుపుకొనుటకు చాలినన్ని ఆర్డర్లతో తిరిగివచ్చినాడు. మోటారు అను మాటకు, ఆనాడు ధ్వనియంత్రముల పేర్ల చివర వాడుకలో ఉండిన ఓలా అను తోకను తగిలించి మోటరోలా అని నామకరణము చేసినది కూడ ఆ కాలముననే.

ఆ తొలి నమూనా పేరు 5టి71. ధర సుమారు 110 నుండి 130 డాలర్లు. ఆ రోజులలో కొత్త కారే 650 డాలర్లకు దొరకుచుండగా, అందులో ఆరవవంతో ఐదవవంతో రేడియోకే పోయెడిది. పైగా దానిని బిగించుట ఒకటి రెండు గంటల పని గాదు. డాష్‌బోర్డు విప్పవలెను, నేలచెక్క కోయవలెను, కప్పు అస్తరు విప్పి మరల కుట్టవలెను. ఇద్దరు మనుషులు రోజులతరబడి చేయవలసిన పని. కొన్నవాడు పెట్టె ఇంటికి తీసుకొనిపోయి తానే బిగించుకొనుటకు అడ్డులేదు. అట్లు చేసినవారు చాలమంది ఉన్నారు. ఎనిమిదింట నాలుగు తీగలు సరిగా తగిలించి, మిగిలిన నాలుగింటి సంగతి దైవాధీనముగా వదలి, పాటకు బదులు చిటపట వినబడగానే వస్తువు చెడ్డదని తీర్పు చెప్పెడివారు. నేటికిని మన బజారులో ఈ తీర్పు వినబడుచునే ఉన్నది.

అట్లని పనివాని చేతిలో పెట్టినంత మాత్రమున భయము తీరిపోదు. ఆ సంస్థ చరిత్రలో తరచు చెప్పుకొను కథ ఒకటి కలదు. గాల్విన్ అప్పు కొరకు ఒక బ్యాంకు అధికారిని ఆశ్రయించినాడు. మాటలతో ఒప్పించుటకన్న వినిపించుట మేలని, తన మనుషులను పంపి ఆ అధికారి ప్యాకార్డ్ కారులో రేడియో బిగింపించినాడు. బిగించిన అరగంటకు ఆ కారు అంటుకొన్నది. అప్పు పుట్టలేదు. ఈ కథను నవ్వుకొనుటకు చెప్పుదురు గాని, మాకు నవ్వు రాలేదు. నాటికి గాల్విన్‌కు ఆ అప్పు పుట్టుట పుట్టకపోవుట పనివారి జీతముల ప్రశ్న. బిగించినవారు ఆయన నమ్మిన మనుషులే, పరాయివారు గారు. ఎక్కడో ఒక తీగ ఒరిసి ఉండవచ్చును, ఒక కూడలి వదులై ఉండవచ్చును. కారులోని బ్యాటరీ వోల్టులలో చిన్నదే గాని, విడిచిపెట్టినచో తీగను ఎర్రగా కాల్చగల విద్యుత్తు దానిలో కలదు. ఫ్యూజు అను చిన్న గాజుగొట్టమును అలక్ష్యము చేయు మా విద్యార్థులు ఈ ప్యాకార్డ్ కారును జ్ఞప్తియందుంచుకొందురు గాక.

ఇటువంటి దెబ్బ తిన్నవాడు రెండు దారులలో ఒకటి పట్టవచ్చును. మేము పెట్టె అమ్ముదుము, బిగించుకొనుట మీ పని అని చేతులు దులుపుకొనవచ్చును. లేదా, కారులో సరిగా బిగించి పలికించినంతవరకు అమ్మకము పూర్తికాలేదని ఒప్పుకొనవచ్చును. గాల్విన్ రెండవ దారి పట్టినాడు. ఆయన జీవితమునందు మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఇదియే. తరువాతి కాలపు యుద్ధ పరికరములు, టెలివిజన్లు, ట్రాన్సిస్టర్లు మా దృష్టిలో దీని తరువాతివి. రేడియోను ఎట్లు బిగించవలెనో వ్యాపారులకును, వారి పనివారికిని నేర్పు పని వేవరింగ్ వంటివారి భుజములపై పడినది. కర్మాగారములోని లోపము వేరు, బిగింపులోని లోపము వేరు అని కొన్నవానికి చెప్పి ప్రయోజనము లేదు. వానికి వినబడునది ఒకటే చిటపట. 1934లో గుడ్రిచ్ అను టైర్ల సంస్థతో ఒప్పందము కుదిరి, ఊరూర ఉన్న ఆ సంస్థ టైర్ల దుకాణములలోనే రేడియోలు అమ్మి, అక్కడే బిగించి ఇచ్చుట మొదలైనది. టైరు మార్చుకొనుటకు వచ్చినవాడు రేడియోతో తిరిగిపోవును. అప్పటికి బిగింపు కూలితో కలిపి ధర 55 డాలర్లకు దిగివచ్చినది. నాలుగేండ్లలో సగమునకు తగ్గినదన్నమాట!

ఈ తగ్గుదలకు కారణము బేరము మాత్రమే కాదు. బిగించుటకు సులభమగునట్లు వస్తువునే మార్చుచు వచ్చినారు. వైబ్రేటరు అను చిన్న సాధనము రాగా, కారు బ్యాటరీలోని 6 వోల్టులనుండియే వాల్వులకు కావలసిన హెచ్చు వోల్టులు పుట్టినవి. నేల క్రింది బ్యాటరీల పెట్టె మాయమైనది. బ్యాటరీని తొలగించు సాధనముతో వ్యాపారము మొదలిడిన గాల్విన్‌కు ఇది ఎంత ముచ్చటగా తోచినదో ఊహించుకొనవచ్చును. అయితే ఒక చిక్కు తీరగా మరొకటి వచ్చినది. 1935 ప్రాంతమునుండి కార్లకు పైకప్పు మొత్తము ఉక్కు రేకుతోనే రాసాగినది. ఉక్కు కప్పు లోపల ఏరియలు పెట్టిన ఏమి వినబడును? తీగను కారు అడుగునకు, పిమ్మట వెలుపల నిలువు కడ్డీగా మార్చవలసివచ్చినది. కార్ల సంస్థలు రేడియోను కర్మాగారములోనే బిగించి అమ్ముట కూడ ఆ దశాబ్దములోనే వృద్ధి పొందినది. ఇంటిలో బిగించుకొనుటయా, మిస్త్రీ చేత బిగింపించుటయా అన్న ప్రశ్నకు కార్ల కర్మాగారము ఇచ్చిన సమాధానము అది. ప్రశ్న మాత్రము పోలేదు, పాత కార్లకు కొత్త పెట్టెలు కొనువారున్నంతకాలము పోదు.

కారులో రేడియో ఉన్నచో నడుపువాని ధ్యాస చెడి ప్రమాదములు జరుగునని ఆ దినములలో కొన్నిచోట్ల నిషేధించుటకు కూడ ప్రయత్నములు జరిగినవి. ఈ వాదమును మేము కొట్టివేయజాలము. నేడు చేతి ఫోనును చూచుచు వాహనము నడుపువారిని ప్రతి కూడలిలోను చూచుచున్నాము. గాల్విన్ కారు రేడియోలో వేరొక ప్రయోజనమును కూడ చూచినాడు. 1936లో పోలీసు కార్లకు ప్రత్యేకముగా ఒకే తరంగముపై నిలిచి పలుకు రేడియోను తెచ్చినాడు. ఇంటి రేడియోను కారులో పెట్టిన ఎట్లు విఫలమగునో అంతకు ముందు నేర్చిన పాఠములన్నియు ఇక్కడ పనికివచ్చినవి.

అదే సంవత్సరము కుటుంబముతో ఐరోపా పర్యటించి, యుద్ధము తప్పదని నమ్మి తిరిగివచ్చినాడు. ఆ నమ్మకము వృథా కాలేదు. చేతబట్టుకొని మాటలాడు హ్యాండీ టాకీ, వీపున మోయు వాకీ టాకీ యుద్ధకాలమున ఆయన సంస్థనుండి వచ్చినవే. రెండవదాని వెనుక డేనియల్ నోబుల్ అను ఆచార్యుని ప్రతిభ కలదు. గాల్విన్ ఆయనను కళాశాలనుండి రప్పించి తెచ్చినాడు. సంస్థ పెరుగుచుండగా ఇల్లు చీకటియైనది. 1942లో లిలియన్ తమ సొంత ఇంటిలోనే హత్యకు గురియైనది. 1944లో కష్టకాలమంతయు వెన్నంటి నిలిచిన తమ్ముడు జోసెఫ్ మరణించినాడు. ఈ రెండు దెబ్బలను గూర్చి ఎక్కువ వ్రాయుట మాకు ఇష్టము లేదు. పనిలో మాత్రము ఆయన లోటు రానియ్యలేదు. 1945లో ద్వితీయ వివాహము చేసుకొన్నాడు.

1947లో సంస్థ పేరునే మోటరోలాగా మార్చినారు. ఆ సంవత్సరముననే పనివారికి లాభములలో వాటా ఇచ్చు పద్ధతి ప్రవేశపెట్టినాడు. 180 డాలర్లకు లోబడిన ధరకు టెలివిజను తెచ్చి, ఒక్క ఏడాదిలో లక్షకు పైగా అమ్మినాడు. నోబుల్ ప్రేరణతో 1949లో ఫీనిక్స్ నగరములో పరిశోధనాలయము వెలసినది. 1955లో ఆ సంస్థ బజారునకు తెచ్చిన హెచ్చు శక్తిగల ట్రాన్సిస్టరు మొట్టమొదట దేనికి ఉపయోగించినారని అడిగినచో, కారు రేడియోకే! దానితో వైబ్రేటరు కూడ అనవసరమైనది. మొదట పెట్టెడు బ్యాటరీలు, పిమ్మట గుయ్యిమను వైబ్రేటరు, పిమ్మట వేలిముద్దంత ట్రాన్సిస్టరు. ఇరువదియైదేండ్లలో బిగించువాని పని ఎంత తేలికయైనదో చూడుడు.

1956లో కుమారుడు రాబర్ట్‌ను అధ్యక్షుని చేసినాడు. 1959 నవంబరు 5వ తేదీన, అరువదినాలుగవ ఏట, రక్తపు కాన్సరుతో గాల్విన్ కన్నుమూసినాడు. స్టీరియో పాట కారులోనికి వచ్చుట ఆయన చూడలేదు. 1966 నమూనా ఫోర్డు కార్లలో ఎనిమిది వరుసల టేపు పెట్టె వచ్చినప్పుడు, ఆ టేపును రూపొందించినవాడు పాత మిత్రుడు లియరే. ఆ పెట్టెలను చేసినది మోటరోలాయే. క్విన్సీనుండి వచ్చిన వేవరింగ్ తరువాతి కాలమున ఆ సంస్థకు అధ్యక్షుడైనాడు. డైనమోకు బదులు కార్లలో నేడు తిరుగుచున్న ఆల్టర్నేటరును వాడుకలోనికి తెచ్చు పనిలో కూడ ఆయన ముందు నిలిచినాడు. మా మిత్రుల కారులో ఈల వేసినది ఆ ఆల్టర్నేటరే అని ఉస్తాద్ చెప్పినప్పుడు, ఈ చిన్న వింత మాకు తెలియదు.

ఇక్కడ మా విద్యార్థులతో ఒక మాట. మీలో సెలవులలో గ్యారేజీలలోను, కార్ల స్టీరియోలు బిగించు దుకాణములలోను ఉస్తాద్ చేతిక్రింద పనిచేయువారు కొందరున్నారు. ఆ సంగతిని తరగతిలో చెప్పుకొనుటకు సంకోచించుచున్నారు. ఇంటర్వ్యూలో అడిగిన ఆ రెండు నెలలు ఖాళీగా ఉన్నామని చెప్పుచున్నారు. తీగ ఎంత లావుండవలెనో, ఎల్లప్పుడు విద్యుత్తు ఉండు తీగ ఏదో, తాళము త్రిప్పినప్పుడు మాత్రమే వచ్చు తీగ ఏదో, రెంటిని కలిపినచో తెల్లవారునప్పటికి బ్యాటరీ ఎట్లు అడుగంటునో మా మిత్రులకు ఆ ఆదివారమునాడు తెలియదు, మీకు తెలియును. నేటి కార్లలో గాలిసంచుల తీగలు కూడ అదే డాష్‌బోర్డు వెనుక పోవుచున్నవి గనుక తెలియనివాడు చేయి పెట్టుట మరింత ప్రమాదకరము. కళాశాల కమిటీవారికి మా మనవి ఒకటే: ప్రయోగశాలలో పాత కారు డాష్‌బోర్డు ఒకటి, బ్యాటరీ ఒకటి, ఫ్యూజుల పెట్టె ఒకటి అమర్చి, నెలకొకమారు ఒక ఉస్తాద్‌ను పిలిచి పాఠము చెప్పించినచో అయ్యెడి ఖర్చు స్వల్పము. ఆయనకు కుర్చీ వేసి, అధ్యాపకులతోపాటు కూర్చుండబెట్టవలెను.

మా మిత్రుల కారులో ఈల మరల వినబడలేదు. వెనుక భాగమున రెండు స్పీకర్లు ఇంకను బిగించవలసియున్నవి. వాటిని ఎవరు బిగించవలెనన్న విషయమై ఈసారి స్టాఫ్ రూములో చర్చ ఏదియు జరుగలేదు. వచ్చే శుక్రవారము సాయంకాలమునకు ఉస్తాద్‌కు కబురు పంపినారు. తాము దగ్గర నిలిచి చూచుటకు మాత్రము ముందుగనే అనుమతి పుచ్చుకొన్నారు.